పలక మీది రెండు మాటలు

పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే వరసలో చాంద్బీ పదహారేళ్లు కూర్చుంది. మార్కాపురంలో ఆ పని చేసిన ఆడవాళ్లందరి లాగానే ఆమెకూ నల్లరాయితో ఒక చనువు ఏర్పడింది. వేలి కణుపుతో తట్టి రాయి లోపల చీలిక ఉందో లేదో చెప్పేది. తప్పు గీత పడిన పలకను పారేయకుండా, నీళ్లు చల్లి, గరుకు రాయితో రుద్ది, మళ్లీ కొత్తదాన్ని చేసి వరసలో పెట్టేది. ఆ ఫ్యాక్టరీలో తప్పు అనేది అరగదీస్తే పోయే వస్తువు. ఈ అలవాటే చాలా ఏళ్ల తర్వాత ఆమెను చిక్కుల్లో పడేసింది.

పొద్దస్తమానం వంగి కూర్చోవడం వల్ల ఆ వరసలో అందరికీ నడుములు పట్టేసేవి. పెద్దారవీడు నుంచి పనికి వచ్చే పోలేరమ్మ అనే పెద్దావిడ మధ్యాహ్నం గంట కొట్టగానే తన సద్దిగిన్నె పక్కకు నెట్టి, ఎవరి నడుము పట్టిందో వాళ్లను గోనెపట్టా మీద బోర్లా పడుకోబెట్టి, వాము వేసి కాచిన నువ్వుల నూనెతో మర్దన చేసేది. ఊళ్లో ఎన్నో పురుళ్లు పోసిన చేతులు అవి. పోలేరమ్మకు ఒక పద్ధతి ఉండేది. చేతుల కింద ఉన్న మనిషి తనంత తానుగా “ఒళ్లు తేలికైంది” అనేదాకా ఆమె చేతులు తీసేది కాదు. తేలికైందా అని అడిగేది కాదు. అడిగితే మొహమాటానికి అయిందంటారు, మొహమాటంతో నొప్పి పోదు అనేది. కొందరు నాలుగు నిమిషాల్లో అనేవాళ్లు. కొందరు అరగంటకు గానీ అనేవాళ్లు కాదు. అన్నదాకా పోలేరమ్మ అన్నం ముట్టేది కాదు.

చాంద్బీ ఆ విద్యను చూసి కొంత, చేసి కొంత నేర్చుకుంది. పద్ధతితో సహా నేర్చుకుంది. పోలేరమ్మ పోయిన మరుసటి ఏడాది ఫ్యాక్టరీ కూడా మూతపడింది. గనిలో పనిచేసే భర్త బుడే సాహెబ్ రాతిపొడి పీల్చి పీల్చి అప్పటికే ఊపిరి అందని రోగంతో వెళ్లిపోయాడు. ఇంట్లో ఆరేళ్ల కూతురు ఖుష్బూ, ముందుగది, ఒక చెక్కబల్ల మిగిలాయి. ఆ బల్ల మీదే చాంద్బీ పని మొదలుపెట్టింది.

మొదట వచ్చినవాళ్లు ఫ్యాక్టరీలో పక్కన కూర్చున్నవాళ్లే. వాళ్లంతా కలిసి రెండడుగుల పొడవున్న మంచి రాయి ఒకటి తెచ్చి, అక్షరాలు చెక్కే నాగేంద్రకు ఇచ్చారు. ఏమని చెక్కాలో ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. ఆ గదిలో రోజంతా వినబడే మాటనే చెక్కమన్నారు. “ఒళ్లు తేలిక” అని పైన పెద్దగా, “ఆడవాళ్లకు మాత్రమే” అని కింద చిన్నగా నాగేంద్ర చెక్కాడు. ఆ పలక ముందుగది తలుపు పక్కన గోడకు ఎక్కింది. కంభం నుంచీ పొదిలి నుంచీ వచ్చిన కొత్తవాళ్లు కూడా వీధి మొదట్లో నిలబడి ఒళ్లు తేలిక చాంద్బీ ఇల్లు ఎక్కడ అని అడిగేవాళ్లు. ఎవరో ఒకరు చెయ్యి చూపించేవాళ్లు.

నోటీసు వచ్చింది ఒక బుధవారం నాడు, రిజిస్టరు పోస్టులో. నాలుగు ఇంగ్లీషు కాగితాలు, వెనక రెండు రంగు ఫొటోలు. డిగ్రీ పూర్తిచేసి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్న ఖుష్బూ దాన్ని చదివి తల్లికి అర్థం చెప్పింది. హైదరాబాదులో ఒక వెల్‌నెస్ సంస్థ ఉంది. మర్దన గదులు, ధ్యాన తరగతులు, నూనెలు అమ్ముతుంది. “ఒళ్లు తేలిక”, “హాయిగా నిద్రపో”, “ఊపిరి పీల్చుకో” అనే మూడు మాటలను అది తన ట్రేడ్‌మార్కులుగా రిజిస్టరు చేయించుకుంది. వాటిలో మొదటిదాన్ని మార్కాపురంలో చాంద్బీ అనే ఆమె అనుమతి లేకుండా వాడుతోంది. పదిహేను రోజుల్లోగా బోర్డు తీసేయాలి, ఇకపై తానుగానీ తన వద్ద పనిచేసేవారుగానీ తన తరఫున మరెవరైనాగానీ ఆ మాటలను వాడకూడదు, జతపరచిన హామీపత్రం మీద సంతకం చేసి పంపాలి. లేకపోతే కోర్టు.

చాంద్బీకి రెండు నెలల కిందట కారులో వచ్చిన దంపతులు గుర్తొచ్చారు. భార్య లోపల బల్ల మీద పడుకుంటే, భర్త వీధిలో అటూ ఇటూ తిరుగుతూ సెల్‌ఫోనుతో ఫొటోలు తీశాడు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు అనుకుంది. భార్య పావుగంటలో “ఒళ్లు తేలికైంది” అని, చాంద్బీ చేతులు పట్టుకుని చాలా సంతోషపడి వెళ్లింది.

ఆ కాగితాల వెనక ఉన్న ఫొటోల్లో ఒకదాన్ని చూసి చాంద్బీకి నోటీసు కంటే ఎక్కువ కోపం వచ్చింది. పలక పక్కన గుమ్మంలో ఖుష్బూ నిలబడి ఉంది. తలస్నానం చేసి, దుపట్టా లేకుండా, జుట్టు ఆరబెట్టుకుంటోంది. పరాయి మగవాడెవడో తీసిన ఆ బొమ్మ పరాయి ఊళ్లో ఎంతమంది బల్లల మీద తిరిగిందో. చాంద్బీ ఆ రెండు కాగితాలనూ పిన్ను నుంచి ఊడదీసి, మడిచి, ఇనప్పెట్టె అడుగున బట్టల కింద పెట్టేసింది. కూతురు ఆ ఫొటో సంగతి మళ్లీ ఎత్తకుండా చూసింది.

తర్వాత ఆమె చేసిన పని, మార్కాపురంలో పలకలు చేసిన మనిషి తప్ప మరొకరు చేయరు. గోడ మీది పలకను దింపి, పెరట్లో తొట్టి దగ్గర బోర్లించి కాదు, వెల్లకిలా పెట్టి, నీళ్లు చల్లి, గరుకు రాయి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఎవరిదో సొమ్మని తెలిశాక ఒక్క పూట కూడా గోడ మీద ఉంచుకోవడం ఆమెకు ఇష్టం లేదు. మధ్యాహ్నానికి పై వరస పోయింది. సాయంత్రం అసర్ నమాజు వేళకు కింది వరస కూడా పోయి, పలక అద్దంలా నున్నగా తయారైంది. దాన్ని అలాగే మళ్లీ గోడకు తగిలించింది. తప్పు పోయిందనుకుంది.

కానీ అసలు ఇబ్బంది ఆ మరునాడు మొదలైంది. “మరెవరైనాగానీ” అని నోటీసులో ఉన్న మాటను చాంద్బీ ఉన్నది ఉన్నట్టే తీసుకుంది. బల్ల ఎక్కిన ప్రతి మనిషికీ, ఆ మాట అనొద్దమ్మా, దానికి యజమానులున్నారట అని చెప్పింది. వాళ్లు సరేనన్నారు. అయితే ఆ మాట అననిదే చాంద్బీ చేతులు ఆగవు. ఇరవై ఏళ్లుగా ఆ చేతులకు అదే గంట. తర్లుపాడు నుంచి వచ్చిన ఒక కోడలు ముప్పావుగంట అయినా ఏమీ అనకుండా, అనకూడదు కాబట్టి పెదవులు బిగించుకుని పడుకుంది. వీపు ఎర్రబడింది. చివరకు లేచి కూర్చుని, చాలు అత్తా, చంపుతావా ఏంది అని నవ్వింది. చాంద్బీ నవ్వలేదు. చాలు అనేది వేరు, తేలికైంది అనేది వేరు. చాలు అన్న మనిషి నొప్పి పోయి లేచిందో, ఓపిక పోయి లేచిందో ఎట్లా తెలుస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం గిద్దలూరు నుంచి యేసుమణి వచ్చింది. చాంద్బీ దగ్గర పన్నెండేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట గిద్దలూరులో సొంతంగా ఒక గది పెట్టుకుంది ఆమె. పుట్టింది పెద్దారవీడు పక్క పల్లెలో. పోలేరమ్మ పోసిన పురుళ్లలో యేసుమణి పుట్టిన పురుడు కూడా ఒకటి. గిద్దలూరు గది ముందర కూడా “ఒళ్లు తేలిక” అనే ఉంది, రాయి మీద కాదు, రేకు మీద. చర్చి కాగానే బస్సెక్కి వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏందక్కా, పలక మీద ఏం లేదు? కొత్తగా బడి పెడతాండావా?”

చాంద్బీ సంగతంతా చెప్పింది. యేసుమణి అంతా విని, వాళ్లు రాయించుకున్న మిగతా మాటలేమిటని అడిగింది. మిగతా రెండూ చాంద్బీ చెప్పింది.

“హాయిగా నిద్రపో అనేది గూడ వాళ్లదేనా? అయితే మా మనమరాలిని పండబెట్టాలంటే హైదరాబాదుకు ఫోను చేసి అడగాలన్నమాట.”

ఈసారి చాంద్బీకి నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే, వకీలు దగ్గరికి పోదామని యేసుమణి తేల్చింది.

కరుణాకరం మార్కాపురం కోర్టులో ముప్పై ఏళ్లుగా పొలం గట్ల వ్యాజ్యాలు నడిపిన మనిషి. ట్రేడ్‌మార్కు కాగితం ఆయన బల్ల మీదికి రావడం అదే మొదటిసారి. నాలుగు కాగితాలూ చదివి, అలమరలోంచి దుమ్ము పట్టిన చట్టం పుస్తకం తీసి, రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు. రెండు రోజుల తర్వాత వెళితే ఆయన చెప్పింది ఇది. రిజిస్ట్రేషను నిజమే, రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉంది. బోర్డు ఎలాగూ తీసేశారు కాబట్టి హామీపత్రం మీద సంతకం పెట్టేస్తే గొడవ ముగిసిపోతుంది. కావాలంటే గదికి మరో పేరు పెట్టుకోవచ్చు.

చాంద్బీ పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. అయితే చదవకుండా వేలిముద్ర వేసిన రోజులు ఫ్యాక్టరీలో చూసిన మనిషి కనుక, దేని మీద పెడుతున్నానో తెలుగులో చెప్పమంది. కరుణాకరం ఒక్కో అంశం చెప్పుకుంటూ పోయాడు. బోర్డు తీసేశాను, సరే. మళ్లీ పెట్టను, సరే. నా దగ్గర పనిచేసేవారికి చెబుతాను, సరే. నాలుగో అంశం దగ్గర ఆమె పెన్ను కింద పెట్టింది. “ఈ మాటలను మొట్టమొదట సృష్టించినది సదరు సంస్థ అనీ, వాటిని నేను వారి నుండి గ్రహించి వాడితిననీ ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.”

“ఇది అబద్ధం గదా సారూ,” అంది చాంద్బీ.

కరుణాకరం అది వట్టి ఫారం అని, ప్రతి హామీపత్రంలోనూ అలాంటి వాక్యం ఒకటి ఉంటుందని, దాన్ని ఎవరూ చదవరని చెప్పాడు.

“ఎవరూ చదవనిదైతే ఎందుకు రాసినారు? బోర్డు తీసెయ్యమన్నారు, తీసేసినా. మాట అనొద్దన్నారు, మానేసినా. వాళ్లు పుట్టించినారని మాత్రం నేను రాయను. పోలేరమ్మ నా ముందర అన్నం పక్కన పెట్టుకోని కూర్చున్నది సారూ, ఆ మాట కోసరం.”

ఆ మాటకు కరుణాకరంలో ఎక్కడో మూలన పడి ఉన్న న్యాయవిద్యార్థి లేచి కూర్చున్నాడు. ఆయన పుస్తకాన్ని మళ్లీ తెరిచాడు. వాస్తవానికి చట్టం చాంద్బీ అన్న మాటనే అంటుంది. జనం రోజువారీ వాడుకలో ఉన్న మాటనుగానీ, ఒక సేవ ఎలాంటిదో చెప్పే మాటనుగానీ ఏ ఒక్కరి పేరనా రిజిస్టరు చేయకూడదని తొమ్మిదో సెక్షను స్పష్టంగా చెబుతుంది. అలాగైతే ఇది ఎలా జరిగింది? సంస్థ తన అర్జీలో, ఆ మాటలకు అర్థం రాయవలసిన చోట, “కల్పిత పదం, అర్థం లేదు” అని రాసింది. దాన్ని పరిశీలించిన అధికారికి తెలుగు రాదేమో. ఆ తర్వాత అర్జీని ట్రేడ్‌మార్కుల పత్రికలో ప్రకటించారు. అభ్యంతరం ఉన్నవాళ్లు నాలుగు నెలల్లో చెప్పవచ్చన్నారు. ఆ పత్రిక మార్కాపురంలో ఎవరింటికి వస్తుంది? నల్లమల అంచున ఏ పల్లెలో చదువుతారు? ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకుని ముద్ర వేశారు. ఈ దేశంలో హక్కులు పోయేది చాలావరకు ఇలాగే, ఎవరూ చదవని కాగితాల్లో.

పుస్తకంలో ఇంకొక సెక్షను కూడా దొరికింది. సంస్థ ఆ మాటను వాడటం మొదలుపెట్టిన దానికంటే ముందు నుంచే వాడుతున్న మనిషిని రిజిస్ట్రేషను ఏమీ చేయలేదు. సంస్థ చెప్పుకున్న మొదటి తేదీ 2021. కరుణాకరం కళ్లజోడు తీసి, ఎప్పటి నుంచి వాడుతున్నారని ఉత్సాహంగా అడిగాడు. 2007 నుంచి అని యేసుమణి చెప్పింది. రుజువు అడిగాడు.

“పలక మీద ఉండేది సారూ,” అంది చాంద్బీ. “నాగేంద్ర ప్రతి రాయి మీదా కుడిపక్క మూలలో చెక్కిన సంవత్సరం వేస్తాడు. చిన్నగా.”

“ఆ పలక యాడ ఉంది?”

“గోడకే ఉంది. అరగదీసినా.”

కరుణాకరం కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. “ఏం పని చేసినావమ్మా,” అన్నాడు. నోటీసు వచ్చిన నాడే తన దగ్గరికి రాకుండా, ఉన్న ఒక్క సాక్ష్యాన్ని స్వహస్తాలతో రుద్ది నీళ్లతో కడిగేసిన కక్షిదారును ఆయన ఎన్నడూ చూడలేదు. పొలం గట్టు జరిపినవాళ్లను చూశాడు, రాళ్లు పీకినవాళ్లను చూశాడు. వాళ్లంతా ఎదుటివాడి రాయి పీకినవాళ్లు.

కరెంటు బిల్లు మీద ఇంటిపేరే ఉంది. మున్సిపాలిటీ కాగితాల్లో గది పేరు లేదు. వచ్చినవాళ్లకు రసీదులు ఇచ్చే అలవాటు లేదు. గడువుకు ఆరు రోజులు మిగిలాయి. ఆ సాయంత్రం యేసుమణి నాగేంద్రను వెంటబెట్టుకుని వచ్చింది. నాగేంద్ర పలకను వేళ్లతో తడిమి, రాయి బాగుందని, పాత అక్షరాల కొలత తనకు గుర్తుందని, రెండు గంటల్లో మునుపటి లాగానే చెక్కి, మూలలో 2007 కూడా వేస్తానని, నూనె పట్టిస్తే పాతదానికీ కొత్తదానికీ తేడా దేవుడికి కూడా తెలియదని చెప్పాడు. అతని మాటలో మోసం లేదు. పాడైన తన పనిని బాగుచేసి ఇస్తున్నట్టే చెప్పాడు. యేసుమణి కూడా అదే మంచిదంది. ఉన్నదే గదా చెక్కేది, లేనిది కాదు గదా అంది.

చాంద్బీ ఒప్పుకోలేదు. పలక మీద అప్పుడు 2007 అని ఉన్న మాట నిజం. ఇప్పుడు చెక్కి అప్పుడు చెక్కిందని చూపించడం నిజం కాదు. వాళ్ల నాలుగో అంశం మీద సంతకం పెట్టనన్న మనిషి, తన గోడ మీద అలాంటి అంశమే ఒకటి చెక్కించుకుంటే, ఇక వాళ్లకూ తనకూ తేడా ఏముంది? నాగేంద్రకు టీ ఇచ్చి పంపేసింది. ఆ రాత్రి యేసుమణి అలిగి గోడ వైపు తిరిగి పడుకుంది.

మరునాడు పొద్దున్నే కరుణాకరం ఫోను చేశాడు. నోటీసులో “అనుబంధం మూడు” అని రాసి ఉందని, తన దగ్గరున్న కాగితాల్లో అది లేదని, సంస్థవాళ్లు పంపలేదా అని అడిగాడు. చాంద్బీ తడబడింది. అవి కాగితాలు కావు సారూ, ఫొటోలు అంది. ఫొటోలు ఎక్కడున్నాయని ఆయన అడిగితే, ఇంట్లో ఉన్నాయని, ఆడపిల్ల బొమ్మ ఉందని, బయటికి ఇవ్వదగ్గవి కావని చెప్పి ఫోను పెట్టేసింది.

పెట్టేసిన తర్వాత ఆమెకు మనసు నిలవలేదు. ఇనప్పెట్టె తెరిచి, బట్టల కింది నుంచి ఆ రెండు కాగితాలు తీసింది. ఒకదాంట్లో గోడ, వీధి. రెండోదాంట్లో గుమ్మం, ఖుష్బూ, పక్కన పలక. మొదటిసారి చూసినప్పుడు ఆమె కళ్లకు కూతురి జుట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఈసారి కూతురి బొమ్మ మీద అరచెయ్యి ఆనించి, మిగిలిన రాయిని చూసింది. పదహారేళ్లు రాళ్లలో గీతలు వెతికిన కళ్లు అవి. పలక కుడిపక్క మూలలో, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడిన చోట, నాలుగు సన్నని తెల్లని గుర్తులు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. రెండు, సున్న, సున్న, ఏడు.

ఆమె అరగదీసిన సంవత్సరాన్ని ఎదుటివాళ్లే ఫొటో తీసి, రంగుల్లో అచ్చువేసి, అనుబంధం మూడు అని పేరు పెట్టి, రిజిస్టరు పోస్టులో ఆమె ఇంటికి పంపారు.

ఖుష్బూ ల్యాబు నుంచి వచ్చేదాకా ఆగింది చాంద్బీ. ఫొటో వకీలుకు ఇవ్వాలంటే నీ అనుమతి కావాలని కూతురిని అడిగింది. ఖుష్బూ ఆ ఫొటోను తిప్పి తిప్పి చూసింది.

“అమ్మీ, ఇందుకా దాచిపెట్టినావు? నా కాలేజీ ఫొటోలు ఇంతకన్నా జుట్టు విరబోసుకున్నవి ఫోను నిండా ఉండాయి. ఇచ్చెయ్. జుట్టు గురించి జడ్జీ ఏమన్నా అడిగితే నేను చెప్పుకుంటా.”

కరుణాకరం జవాబు నోటీసు రాయడానికి ఒక రాత్రి పట్టింది. అందులో కోపం లేదు, తేదీలున్నాయి. మీ సొంత అనుబంధంలోని ఫొటోను భూతద్దంతో చూడగలరు అని ఒక వాక్యం ఉంది. నాగేంద్ర చేత రాయించిన ప్రమాణపత్రం జతచేశాడు. తాను ప్రతి రాయి మీదా చెక్కిన సంవత్సరం వేస్తాననీ, ఆ రాయి తాను చెక్కిందేననీ అందులో ఉంది. పలకను తర్వాత తానే అరగదీశానని చాంద్బీ పట్టుబట్టి రాయించింది. అది రాయకపోతే ఏమవుతుందని వకీలు అడిగితే, ఎవరన్నా వచ్చి గోడ చూస్తే ఏం చెబుతారని ఎదురడిగింది.

ఆరు వారాల తర్వాత సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి మర్యాదగా ఉంది. కరుణాకరం చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నాలుగో అంశాన్ని వదులుకుంటున్నారు. శ్రీమతి చాంద్బీ మార్కాపురంలోని తన ఇంట్లో, తన జీవితకాలం, ఆ మాటలను వాడుకోవడానికి సంస్థ అనుమతిస్తోంది. అందుకు ప్రతిగా ఆమె ఆ ట్రేడ్‌మార్కును ఎన్నడూ ప్రశ్నించకూడదు, ప్రశ్నించేవారికి తోడ్పడకూడదు. ఆయన చెయ్యి చాచి, గెలిచినావమ్మా అన్నాడు. పట్నం కంపెనీ మార్కాపురం దాకా దిగిరావడం చిన్న సంగతి కాదన్నాడు.

యేసుమణికి ఈ అనుమతి వర్తిస్తుందా అని చాంద్బీ అడిగింది. వర్తించదు. ఆమె గది పెట్టింది సంస్థ రిజిస్టరు చేసుకున్న తర్వాత. ఆమెకు నోటీసు వస్తే ఆమె వాదన ఆమె చెప్పుకోవాలి. అది కష్టమైన వాదన.

యేసుమణి పక్కనే ఉంది. సంతకం పెట్టు అక్కా అంది. తన రేకు బోర్డు ఎలాగూ తుప్పు పట్టిందని, కొత్తదాని మీద వేరే పేరు రాయించుకుంటానని, దానికోసం ఇంత దూరం వచ్చింది పాడుచేసుకోవద్దని చెప్పింది. ఆ మాటలు మనస్ఫూర్తిగానే చెప్పింది.

“నువ్వు పేరు మార్చుకుంటావు,” అంది చాంద్బీ. “నీ దగ్గరికొచ్చే ఆడోళ్ల నోళ్లు యాడ మార్చుకుంటావు?”

తర్వాత వకీలు వైపు తిరిగింది.

“అనుమతి ఇచ్చేది వాళ్లయితే మాట వాళ్లదని నేను ఒప్పుకున్నట్టే గదా సారూ. నాలుగో అంశం తీసేసినామంటాండారు. యాడ తీసేసినారు? అదే గదా ఇది, మర్యాదగా రాసినారు.”

ముప్పై ఏళ్ల వృత్తిలో కరుణాకరం చాలా రాజీపత్రాలు రాశాడు. వాటిలో ఎన్నింటిలో ఓడిపోయిన అంశం ఇలా బట్టలు మార్చుకుని కూర్చుందో ఆ క్షణాన ఆయన లెక్కపెట్టుకుని ఉండాలి. ఇంకొక దారి ఉందని, అది పొడుగు దారి అని చెప్పాడు. ఆ మాటలను రిజిస్టరులోంచే కొట్టేయమని చెన్నైలోని రిజిస్ట్రీకి అర్జీ పెట్టాలి. గెలిస్తే ఆ మాటలు చాంద్బీకి రావు. ఎవరికీ రావు. జనం దగ్గరే ఉంటాయి. ఏళ్లు పట్టవచ్చు. అందాకా ఈ అనుమతి కూడా చేతిలో ఉండదు. అర్జీకి కావలసింది ఒకటే రుజువు. ఇవి వాడుక మాటలని వాడుకునే మనుషులు ప్రమాణం చేసి చెప్పాలి.

“మనుషులైతే ఉండారు,” అంది చాంద్బీ.

ఆ నెలంతా కరుణాకరం ఆఫీసు ముందు చెప్పులు నిండిపోయాయి. పెద్దారవీడు నుంచి, కంభం నుంచి, గిద్దలూరు నుంచి ఆడవాళ్లు వచ్చారు. కూలిపనికి పోయేవాళ్లు పనయ్యాక వచ్చారు. అందరికీ ఒకే వాక్యం టైపు చేసి సంతకాలు తీసుకుందామని కరుణాకరం ముందుగా కాగితాలు సిద్ధం చేసిపెట్టుకున్నాడు. చాంద్బీ ఒప్పుకోలేదు. ఎవరిది వాళ్లే చెప్పాలి, ఆ మాట మొదట ఎవరి నోట విన్నారో చెప్పాలి అంది. అందువల్ల పని నాలుగింతలైంది. ఒకామె తల్లి నోట వింది. ఒకామె జ్వరం తగ్గినప్పుడు అంటుంది. వరికోతల చివరి రోజున తమ ఊళ్లో అందరూ అంటారని పొదిలి వైపు పల్లె నుంచి వచ్చిన ఆమె చెప్పింది. తర్లుపాడు కోడలు, మునుపు పెదవులు బిగించుకుని పడుకున్నామె, చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది.

“మా అత్త పుట్టింటికి పోయిన రోజు గూడ అంటా సారూ. అది గూడ రాయమంటావా?”

కరుణాకరం పెన్ను తీసుకుని దాన్ని కూడా రాశాడు. వాడుక మాట అనడానికి అంతకంటే బలమైన సాక్ష్యం ఆ కట్టలో మరొకటి లేదని తర్వాత ఆయనే అన్నాడు. మొత్తం ముప్పై ఎనిమిది ప్రమాణపత్రాలు. అర్జీ చెన్నైకి చేరింది. నంబరు వచ్చింది. సంస్థ జవాబు చెప్పడానికి గడువు అడిగింది. ఇంకా విచారణ తేదీ పడలేదు.

అర్జీ పంపిన వారానికి చాంద్బీ నాగేంద్రకు కబురు పెట్టింది. అతను ఉలి, సుత్తి తెచ్చుకుని, నున్నటి పలకను గోడ మీంచి దింపి పెరట్లో కూర్చున్నాడు. అరగదీసినందువల్ల రాయి కొంచెం పలచబడిందని, లోతుగా చెక్కనని ముందే చెప్పాడు. పై వరస చెక్కాడు. కింది వరస చెక్కాడు. మూల దగ్గరికి వచ్చి ఉలి ఆపాడు.

“సంవత్సరం ఏది వెయ్యమంటావు చెప్పు. ఇప్పుడైతే పాతదే వెయ్యొచ్చు గదా. ఫొటో ఉంది, వాళ్లే ఒప్పుకున్నారు. అబద్ధం గాదు.”

“ఇప్పుడు చెక్కుతాండావు, ఇప్పటిదే వెయ్,” అంది చాంద్బీ. “పాతది కాగితాల్లో ఉంది. యాడికీ పోదు.”

నాగేంద్ర ఈ ఏటి అంకెలు వేశాడు. ఇద్దరూ పట్టుకుని పలకను గోడకు ఎత్తారు. లోపల బల్ల మీద కంభం నుంచి వచ్చిన ఒక బాలింత అప్పటికే పడుకుని ఎదురుచూస్తోంది. చాంద్బీ చేతుల రాతిపొడి కడుక్కుని, నూనెగిన్నె అందుకుని లోపలికి వెళ్లింది. ఆ మాట అనొద్దని ఈసారి చెప్పలేదు.